పదకొండు గంటల చప్పుడు

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కుట్టు మిషన్లు బాగుచేస్తుంది కాబట్టి అందరికీ మిషనక్క. ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా "మిషనక్కా, మాది దారం తెంపుతోందమ్మా" అంటూ వచ్చేవాళ్ళు. ఇస్త్రీ దుకాణానికీ తాళాల దుకాణానికీ మధ్య ఇరుకు గది ఆమెది. గోడకి మూడు వరసల అరలు, అరల నిండా విప్పిన మిషన్ల తలలు, చక్రాలు. కిటికీ కింద బల్ల, బల్ల మీద నూనె డబ్బా, పాత టూత్‌బ్రష్షులు, స్క్రూలు వేసుకునే గాజు సీసాలు. మిషను తెచ్చినవాళ్ళు దాని జబ్బేమిటో చెప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపేది.

"మీరు చెప్పకండి. దాన్నే చెప్పనివ్వండి," అనేది.

చక్రం తిప్పి, తల పక్కకి వంచి వినేది. పదింట తొమ్మిదిసార్లు మూత విప్పకముందే జబ్బు తెలిసిపోయేది. తన చెవి అలాంటిదని ఆమెకి తెలుసు. ఆ సంగతి నలుగురికీ తెలిస్తే బాగుండుననే కోరికా కాస్త ఉండేది.

ఆమె ఆడపడుచు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసేది. ఆదివారం కాక మంగళవారం కూడా సెలవే. సెలవంటే వదిన దుకాణానికి వచ్చి, ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుని, ఫోనులో తల దూర్చడం. ఇంటర్నెట్‌లో "వేగుల వీధి" అని ఒక గుంపు ఉంది. ఎక్కడైనా అంతుచిక్కని సంగతి కనబడిందా, ఆ గుంపులోని మూడు వేలమందీ దాని మీద పడి కూపీ లాగుతారు. అక్కడ ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. ఆడపడుచు పేరు అక్కడ తెల్లపిల్లి. గుంపు పెద్ద పేరు దుర్భిణి.

ఆ మంగళవారం మిషనక్క ఒక పాత మిషను కడుపులోంచి పేరుకుపోయిన దూది పీచు తీస్తోంది. పదకొండు కొట్టగానే ఆడపడుచు ఫోనులోంచి ఏదో చప్పుడు మొదలైంది.

"ఏంటది?" అంది మిషనక్క తల ఎత్తకుండానే.

"అదే వదినా, మేము ఏడు నెలల నుంచి బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నది. ఒక వెబ్‌సైటు. దానికి పేరు లేదు, ఊరు లేదు. బూడిదరంగు పేజీ. రోజూ సరిగ్గా పదకొండింటికి నలభై సెకన్ల చప్పుడు ఒకటి పెడతారు. కింద మూడు అంకెలు. ఆ కింద ఖాళీ డబ్బా ఒకటి, అందులో ఏదైనా టైపు చెయ్యొచ్చు. మర్నాటికి ఆ చప్పుడు పోయి ఇంకోటి వస్తుంది. అంతే."

"ఎవరు పెడతారు?"

"అది తెలిస్తే ఇంకేముంది. భూమిలో సొరంగం తవ్వుతున్నారని కొందరు. గూఢచారుల సంకేతమని కొందరు. గుండె చప్పుడుని వేగం పెంచి వినిపిస్తున్నారని ఒకాయన. దుర్భిణిగారైతే ఆ అంకెలు నక్షత్రాల దూరాలని పద్దెనిమిది పేజీలు రాశారు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే, ఆ డబ్బా పాస్‌వర్డు కోసం. సరైన మాట టైపు చేస్తే లోపలి పేజీ తెరుచుకుంటుంది. రాజుల పేర్లు, పువ్వుల పేర్లు, రోగాల పేర్లు అన్నీ కొట్టి చూశాం. ఒకతను నిఘంటువు మొత్తం మొదటి నుంచి దానంతటదే టైపు చేసే ప్రోగ్రాము కూడా రాశాడు. ఏం కొట్టినా డబ్బా ఖాళీ అయిపోతుంది, అంతకుమించి ఏమీ జరగదు."

మిషనక్క బ్రష్షు కింద పెట్టింది. "మళ్ళీ పెట్టు."

ఆడపడుచు మళ్ళీ పెట్టింది. మిషనక్క తల పక్కకి వంచింది. మూడోసారి కూడా విన్నాక చిన్నగా మొహం చిట్లించింది, అన్నంలో రాయి తగిలినట్టు.

"సూది వంగింది," అంది.

"ఏ సూది?"

"కుట్టు మిషను సూది. ఇది తోలు కుట్టే మిషనే. పెద్దది, పాతది. కుట్టు కుట్టుకీ ఒక చిన్న టిక్కు వినిపిస్తోందా? సూది మొన కింద పలకకి తగులుతోంది. ఇంతకీ ఆ అంకెలేంటి?"

"పద్దెనిమిది, మూడు, ఇరవై."

"పద్దెనిమిదో నంబరు సూది. మూడు పొరల తోలు. ఇరవై నంబరు దారం."

ఆడపడుచు ఫోను వంకా వదిన వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత చాలా మెల్లిగా అంది. "మొదటి వారంలోనే ఒకావిడ కుట్టు మిషనేమోనంది. అందరం నవ్వాం. పాపం, ఆవిడ గుంపులోంచి వెళ్ళిపోయింది."

"పాత చప్పుళ్ళు దాచారా?"

దాచకుండా ఉంటారా. ఏడు నెలలవీ వరసగా దాచారు. మిషనక్క దూది పీచు సంగతే మరిచిపోయి, ఒక పూటంతా వాటిని వింటూ కూర్చుంది. మొదటి అయిదు నెలలూ మిషను హాయిగా నడిచింది. ఎప్పుడైనా చిన్న నలత చేసినా రెండు రోజుల్లో సర్దుకునేది. రెండు నెలల కిందట ఆ టిక్కు మొదలైంది. తర్వాత పోలేదు. రోజురోజుకీ ముదిరింది.

గుంపులోని మూడు వేలమందికీ ఎవరు, ఎందుకు అన్నదే ప్రశ్న. మిషనక్కకి ఆ ప్రశ్న తట్టనే లేదు. రెండు నెలలుగా ఎవరో వంగిన సూదితో కుడుతున్నారు, చెప్పే దిక్కు లేదు. అదే ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. మర్నాడు పదకొండింటికి తన ఫోనులోనే ఆ పేజీ తెరుచుకుని కూర్చుంది. చప్పుడు రాగానే విని, ఆ ఖాళీ డబ్బాలో టైపు చేసింది.

"సూది వంగి పలకకి తగులుతోంది. ముందు సూది మార్చండి. గాడి ఉన్నవైపు సరిగా చూసి బిగించండి."

డబ్బా ఖాళీ అయిపోయింది. ఆమె పనిలో పడింది.

గురువారం పదకొండింటికి వచ్చిన చప్పుడులో టిక్కు లేదు. మిషను వెన్న మీద నడిచినట్టు నడిచింది. మిషనక్క సంబరపడి కిందికి చూసేసరికి, ఏడు నెలలుగా మూడు అంకెలుండే చోట ఇవాళ రెండే రెండు మాటలున్నాయి.

"ఎవరు మీరు?"

అరనిమిషంలో ఆడపడుచు ఫోను చేసింది. డాక్టరుగారు లోపల ఎవరి పన్నో పీకుతున్నాడు కాబోలు, గుసగుసగా మాట్లాడింది. "వదినా, చూశావా? వేగుల వీధి అట్టుడికిపోతోంది. సైటుకి ప్రాణం వచ్చిందంటున్నారు. మనందర్నీ చూస్తోందని ఒకతను ఫోను కెమెరాకి బొట్టుబిళ్ళ అంటించుకున్నాడట. దుర్భిణిగారు ఎవరూ జవాబివ్వొద్దని హెచ్చరిక పెట్టారు. నేనైతే ఆ పేజీ మూసేశాను."

"మూసెయ్యడమెందుకు? అడిగింది నన్ను."

అవతల ఆడపడుచు గుసగుస మానేసి మామూలు గొంతుకి వచ్చింది. "నువ్వేం చేశావు వదినా?"

"సూది మార్చమన్నాను. మార్చారు."

ఆ మధ్యాహ్నం భోజనం వేళకి ఆడపడుచు దుకాణానికి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి డబ్బాలో జవాబు రాశారు. మిషను మెకానిక్కుననీ, చప్పుడు విని చెప్పాననీ మిషనక్క రాసింది. ఆడపడుచు పక్కనుంచి ఇంకో వాక్యం చేర్పించింది. "మీ పేరు, చిరునామా ఆ పేజీలో పెట్టకండి. వేలమంది చూస్తున్నారు." చివర దుకాణం ఫోను నంబరు ఇచ్చారు. డబ్బాలో రాసింది సైటు పెట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనబడదని ఆడపడుచు భరోసా ఇచ్చింది.

మర్నాటికి గాని జవాబు రాలేదు. ఫోనుకి మెసేజి వచ్చింది. "అమ్మా, నేను బస్సు సీట్లు, సోఫాలు కుట్టేవాణ్ణి. మీకు మిషన్లు తెలుసన్నమాట. టిక్కు మళ్ళీ వచ్చింది. నాకు వినబడదు, వేలికి తెలుస్తోంది. వీలుంటే రాగలరా? ఫోను చేయకండి, నాకు చెవుడు."

కింద చిరునామా ఉంది. రైల్లో రెండు గంటల దూరం.

ఆదివారం పొద్దున్న వదినామరదళ్ళు బయల్దేరారు. మిషనక్క చేతిలో పనిముట్ల సంచి, ఆడపడుచు చేతిలో రాసుకునే పుస్తకం. దారి పొడుగునా ఆడపడుచు కాళ్ళు ఒక చోట నిలవలేదు.

"ఒక్క మాట పెడితే చాలు వదినా. నేను వెళ్తున్నానని. దుర్భిణిగారు సైతం కుర్చీలోంచి పడిపోతారు."

"పెట్టు. మనం వెళ్ళేసరికి ఆ ఇంటిముందు మూడు వేలమంది నిలబడి ఉంటారు."

ఆడపడుచు ఫోనుని సంచి అడుగుకి తోసేసింది.

ఆ ఇల్లు ఒక పాత మేడ వెనకవైపు, కింది అంతస్తులో ఉంది. తలుపు కొట్టి లాభం లేదని తెలుసు కాబట్టి కిటికీ ముందు నిలబడి చెయ్యి ఊపారు. లోపల డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా సన్నగా, సూదిలాగే ఉన్నాడు. ఒకప్పుడు ఆయన పనిచేసిన కార్ఖానాలో ఆయన్ని దబ్బనం అనేవాళ్ళని తర్వాత తెలిసింది. గదిలో సగం మిషనే. ఇనప కాళ్ళ మీద నల్లగా, అంచుల దగ్గర రంగు పోయి మెరుస్తూ. మిగతా సగం తోలు చుట్టలు, స్పాంజి ముక్కలు, కుట్టడం పూర్తయిన కుర్చీ తొడుగులు.

"మీలో మెకానిక్కు ఎవరమ్మా?" అన్నాడు. గొంతు అవసరానికన్నా పెద్దగా వచ్చింది. తన గొంతు తనకి వినబడనివాళ్ళు మాట్లాడినట్టు.

మిషనక్క చెయ్యెత్తింది. ఆయన ఆమెని పైనుంచి కిందికి చూసి, తలాడించి, మిషను ముందు స్టూలు జరిపాడు. ఆమె వింటూ ఉంటే ఆయన కుట్టాడు. కుట్టేటప్పుడు ఎడమ అరచెయ్యి మిషను తల మీద ఆనించి ఉంచాడు, జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద పెట్టినట్టు.

మిషనక్క లోపల విప్పి చూసింది. దారాన్ని అందుకునే కొక్కెం మొన మీద గరుకు కనబడింది. సన్నని ఆకురాయితో నున్నగా చేసి, నూనె వేసి, మళ్ళీ బిగించింది. టిక్కు పోయింది. ఆయన అరచేతికి కూడా పోయింది.

"అయిదేళ్ళయింది నాకు చెవులు పోయి," అన్నాడు. "తోలు పనిలో కంటికన్నా చెవి ముఖ్యం. మిషను ఏమంటోందో తెలియకపోతే సగం పని పాడు. మా కార్ఖానాలో నా పక్క మిషను వాడొకడు ఉండేవాడు. పాముచెవులు అనేవాళ్ళం. నలభై మిషన్లు ఒకేసారి నడుస్తుంటే అందులో ఏది నలతపడిందో కూర్చున్నచోటే చెప్పేసేవాడు. ఇప్పుడు వాడు వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మా మనవరాలు కంప్యూటర్ల చదువు చదివింది. తాతయ్యా, నువ్వు రోజూ చప్పుడు పెట్టు, ఆయన విని ఏం చెయ్యాలో రాస్తాడు అని ఈ పేజీ చేసి పెట్టింది. సూదీ పొరలూ దారం నంబర్లు నేను కింద వేస్తాను. జవాబు ఆ డబ్బాలో వాడు రాస్తాడు. మా ఇద్దరికే."

ఆడపడుచు మొహం పాలిపోయింది. పుస్తకంలో రాసి చూపించింది. "జవాబులు వచ్చేవా?"

"మొదట చక్కగా వచ్చేవి. తర్వాత వాడికి ఏమైందో ఏమో." ఆయన ఫోను తీసి ఒక జాబితా చూపించాడు. "చూడండి. మొదట్లో రోజుకి పదో పరకో పిచ్చిమాటలు ఉండేవి, సరదా చేస్తున్నాడనుకున్నాను. రెండు నెలల నుంచి ఇదీ వరస. రోజుకి వందలు. కలువ. కామెర్లు. చక్రవర్తి. తెరుచుకో. ఇదిగో ఇక్కడి నుంచి అయితే అ, అంకం, అంకురం అంటూ ఒకటే ధోరణి. నా చెవుడుని వెక్కిరిస్తున్నాడని కొన్నాళ్ళు, మతి తప్పిందని కొన్నాళ్ళు అనుకున్నాను. అడిగి బతిమాలుకోవడం దేనికని ఊరుకున్నాను. పొద్దున్న వచ్చిన పేజీ రెండు పేజీలూ చూసి ఫోను పక్కన పడేస్తాను. అలాంటి రోజునే మీ మాట కనబడింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి మాట్లాడినట్టుంది."

ఆడపడుచు కుర్చీ తొడుగుల గుట్ట మీద కూలబడింది. తర్వాత పుస్తకం తీసుకుని, ఆగకుండా మూడు పేజీలు రాసింది. వేగుల వీధి గురించి, పాస్‌వర్డు గురించి, నిఘంటువు ప్రోగ్రాము గురించి, తాను స్వయంగా కొట్టిన పువ్వుల పేర్ల గురించి. ఏదీ దాచలేదు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మొదటి పేజీకి కనుబొమలు ముడిపడ్డాయి. రెండో పేజీకి నోరు తెరుచుకుంది. మూడో పేజీ అయ్యాక ఫోను మళ్ళీ తీసి ఆ జాబితా వంక చూశాడు.

"అయితే కామెర్లు అన్నది వాడు కాదా?"

ఆడపడుచు తల అడ్డంగా ఊపింది.

"మరి వాడు ఏమన్నాడు?"

అదే అసలు ప్రశ్న. పాముచెవులు దగ్గర ఫోను లేదు. సాయంత్రం కోడలు ఇంటికి వచ్చాక ఆమె ఫోనులో విని, ఆమె ఫోనులోనే రాసేవాడు. అప్పటికి ముందు నాలుగైదు వందల పిచ్చిమాటలు పడి ఉండేవి. అతను రాస్తూనే ఉన్నాడేమో. రాసినా ఈయన కంటపడలేదేమో. అదేమిటో తేలకుండా వాడికి కబురు పెట్టడానికి మొహం చెల్లడం లేదన్నాడు పెద్దాయన. మిషనక్క ఫోను తీసుకుని జాబితా వేలితో పైకి తోసింది, తోసింది, తోస్తూనే ఉంది. చివర కనబడలేదు. పేజీ మూలన అంకె చూస్తే నలభై ఒక్క వేలు దాటింది.

"ఆయన ఏ మాటతో మొదలుపెడతాడో చెబితే వెతికించవచ్చు," అని ఆడపడుచు రాసింది.

"వాడికి రాతే సరిగా రాదమ్మా. ఒక్కో రోజు ఒక్కోలా రాస్తాడు. తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తోచినట్టు. సూది అన్న మాటే నాలుగు రకాలుగా రాశాడు."

అంటే యంత్రంతో వెతికితే దొరకదు. మనుషులు కూర్చుని చదవాలి.

తిరుగు రైల్లో ఆడపడుచు పుస్తకంలో ఏవో లెక్కలు వేసింది. రెండు స్టేషన్లు దాటాక అంది. "వదినా, పాడుచేసిన మూడు వేలమందీ కలిసి కూర్చుంటే నలభై వేలు ఎంత? మనిషికి పద్నాలుగు కూడా రావు."

"కూర్చుంటారా?"

"ఏమో. నిజం చెబితే సగంమంది అలుగుతారు. ఏడు నెలలు ఏదో మహా రహస్యమనుకుంటే కుర్చీ తొడుగులు అని తేలింది మరి."

పెద్దాయన మనవరాలితో మాట్లాడి, ఆయన ఒప్పుకున్నాకే ఆ పని చేశారు. ఊరి పేరు, మనిషి పేరు లేకుండా తెల్లపిల్లి జరిగినదంతా వేగుల వీధిలో రాసింది. ఆ టపా కింద మొదటి గంటలో పడ్డ మాటలు చదివి మిషనక్క ఫోను తిరగేసి బల్ల మీద పెట్టేసింది. కట్టుకథ అన్నారు. నిజాన్ని కప్పెట్టడానికి తెల్లపిల్లిని ఎవరో కొనేశారన్నారు. కుట్టు మిషనని ఎప్పుడో చెప్పానని మొదటి వారంలో వెళ్ళిపోయిన ఆవిడ తిరిగొచ్చి, ఆ ఒక్క వాక్యమే పదకొండుసార్లు పెట్టింది. ఆవిడకి ఆ హక్కు ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం దుర్భిణి నుంచి ఒక మాట వచ్చింది. "నా పద్దెనిమిది పేజీలూ తీసేస్తున్నాను. ఒక వినికిడి లేని మనిషి గదిలోకి మనం ఏడు నెలల పాటు రాళ్ళు వేశాం. నాకు మొదటి రెండు వందల వరసలు ఇవ్వండి."

దాంతో కదలిక వచ్చింది. మనవరాలు జాబితాని ముక్కలు చేసి పంచింది. తీసుకున్నవాళ్ళు మూడు వేలమంది కాదు, నూట అరవై మంది. మిగతావాళ్ళు కొత్త రహస్యం వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నిఘంటువు ప్రోగ్రాము రాసినతను, ఆ చెత్త తనదే కాబట్టి ఆ పదిహేను వేల వరసలూ తానే తీసుకుంటానన్నాడు. ప్రోగ్రాముతో తీయకూడదనీ, మధ్యలో ముసలాయన మాట ఇరుక్కుని ఉండొచ్చనీ మిషనక్క కబురు పెట్టింది. పాపం, అతను కళ్ళతోనే చదివాడు. క్షత్రియుడు దాకా వచ్చాక కళ్ళలో మందు వేసుకుంటున్నానని మెసేజి పెట్టాడు.

తొమ్మిది రోజుల్లో పని అయింది. పాముచెవులు రాసినవి యాభై ఎనిమిది దొరికాయి. ఇంగ్లీషు అక్షరాల్ని మామూలు తెలుగులోకి మార్చి, తారీఖుల వారీగా పేర్చి, ఆడపడుచు కాగితాల మీద అచ్చు తీయించింది. మళ్ళీ ఆదివారం ఇద్దరూ రైలెక్కారు.

పెద్దాయన ఆ కాగితాలు మిషను మీద పరుచుకుని నిలబడే చదివాడు. మొదట్లో ఉన్నవి మామూలు మాటలే. ఒత్తు తగ్గించు. దారం మార్చు, ఇది నాసిరకం. రెండు నెలల కిందటి వాటి నుంచి వరస మారింది.

"ఒరేయ్, టిక్కు మొదలైంది. చూసుకో."

"ఒరేయ్, నిన్న చెప్పింది చేశావా? చెయ్యలేదు. వినబడుతూనే ఉంది."

"నాలుగు రోజులుగా చెబుతున్నా. నా మాటంటే లెక్కలేదా?"

"నువ్వు మొండివాడివని నలభై ఏళ్ళ కిందటే తెలుసు. మిషను ఏం పాపం చేసిందిరా?"

"సరే. నాకు కోపం వచ్చింది. ఇవాళ ఏమీ చెప్పను."

దాని కింద, అదే రోజు, ఇంకో గంటకి రాసింది. "కోపం సంగతి తర్వాత. మొహం దగ్గర పెట్టకు. సూది విరిగితే కంట్లో పడుతుంది."

అక్కడికి వచ్చేసరికి పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. ఆడపడుచు అటు తిరిగి తోలు చుట్టలు లెక్కపెట్టసాగింది.

మిషనక్క మాత్రం చివరి కాగితం దగ్గర ఆగిపోయింది. తాను వచ్చి కొక్కెం బాగుచేసి వెళ్ళిన నాలుగో రోజున రాసింది అది.

"ఎవడో బాగుచేసినట్టున్నాడు. కొక్కెం మొన నున్నబడింది, బాగుంది. కానీ జబ్బు అది కాదురా. సూది పట్టుకునే కడ్డీ స్క్రూ అరిగింది. పావుగంట నడిచాక కడ్డీ వెంట్రుకవాసి కిందికి జారుతోంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే దొరకదు. రెండు వారాల్లో టిక్కు మళ్ళీ వస్తుంది చూడు."

మిషనక్క చెవులు వేడెక్కాయి. సంచి విప్పింది. పుస్తకంలో ఒకే మాట రాసి పెద్దాయనకి చూపించింది. "కుట్టండి. నేను ఆపమనేదాకా."

ఆయన కుట్టాడు. పావుగంట దాటింది. ఇరవై నిమిషాలయింది. ఆమె చెవికి ఏ తేడా అందలేదు. ఇరవై రెండో నిమిషంలో, ఉందో లేదో అన్నంత చిన్నగా, టిక్కుమంది. ఆపించి కడ్డీ స్క్రూ మీద వేలు పెట్టింది. వేలికి వదులుగా ఆడింది. ఆ తేడా పట్టడానికి ఆమెకి మిషను పక్కన ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ మనిషి ఎక్కడో దూరాన, కోడలి ఫోనులో, నలభై సెకన్ల ముక్క విని చెప్పాడు.

సంచిలో సరైన స్క్రూ ఉంది. మార్చింది. ఈసారి అరగంట కుట్టించి గాని లేవలేదు.

ఆ సోమవారం పదకొండింటికి పేజీలో ఏ చప్పుడూ రాలేదు. వేగుల వీధిలో మిగిలిన నూట అరవై మందీ కంగారుపడ్డారు. మంగళవారమూ లేదు. మిషను గదికి తాళం వేసి పెద్దాయన బస్సెక్కేశాడని ఎవరికీ తెలియదు. బుధవారం వచ్చిన నలభై సెకన్లలో మిషను లేదు, రెండు ముసలి గొంతులున్నాయి. ఒకటి గట్టిగా "టిక్కు అని ఎన్నిసార్లు రాశాన్రా నీకు" అంటోంది. రెండోది అంతకన్నా గట్టిగా "నువ్వు సన్నబడ్డావు, కోడలు సరిగా పెట్టడం లేదా" అంటోంది. వెనకాల ఎవరో ఆడమనిషి "నేను ఇక్కడే ఉన్నాను" అనడం వినబడింది. చివర పదిహేను సెకన్లూ ముగ్గురూ నవ్వారు.

అదే ఆ గుంపు విన్న చివరి చప్పుడు. గురువారం నుంచి మనవరాలు ఆ పేజీకి నిజంగానే పాస్‌వర్డు పెట్టింది. దాన్ని కనిపెట్టడానికి ఎవరూ ప్రయత్నించకూడదని దుర్భిణి నోటీసు పెట్టారు. ఎవరూ ప్రయత్నించలేదనే ఆడపడుచు నమ్మకం.

నెల తిరిగాక ఒక మంగళవారం మిషనక్క దుకాణానికి ఫోను వచ్చింది. కోడలి నంబరు నుంచి.

"కొక్కెం నున్నచేసింది నువ్వేనా?" అంది ముసలి గొంతు, పరిచయం గిరిచయం లేకుండా.

"నేనేనండి."

"చెయ్యి మంచిదే. చెవికి ఇంకా తొందరెక్కువ. మొదట దొరికిన జబ్బు దగ్గరే ఆగిపోతావు. దాని వెనకాల ఇంకోటి ఉంటుంది, అది కూడా వినాలి."

ఇంకెవరైనా ఈ మాట అంటే మిషనక్క ఊరుకునేది కాదు. స్టూలు మీది ఆడపడుచు వదిన మొహంలోకి ఆసక్తిగా చూసింది. మిషనక్క ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఎలా వినాలో చెబుతారా?" అంది.

"ఫోనులో చెప్పేది కాదు. ఆదివారం రా. ఏదైనా మొండి మిషను ఉంటే దాని తల ఒకటి పట్టుకురా."

ఆమె లేచి అరల ముందు నిలబడింది. ఏడాదిగా జబ్బు దొరక్క పై వరసలో పడి ఉన్న మిషను తల ఒకటుంది. దాన్ని కిందికి దించి, గుడ్డతో దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.